రిపేరు చేయించిన ల్యాప్‌టాప్ మళ్ళీ చెడిపోతే: తరచుగా అడిగే ప్రశ్నలు

తిరుపతి, చిత్తూరు ప్రాంతాలలో ల్యాప్‌టాప్ బాగుచేయించుకున్నవారు, కొద్ది రోజులకే అది మళ్ళీ మొరాయించినప్పుడు అడిగే సందేహాలు దాదాపు ఒకే తీరుగా ఉంటున్నాయి. యూనివర్సిటీ హాస్టల్లో ఉండే విద్యార్థి అయినా, పలమనేరులో ఇంటి నుంచి పనిచేసే ఉద్యోగిని అయినా, వారి ఆందోళన ఒక్కటే: డబ్బు కట్టి తెచ్చుకున్న వస్తువు మళ్ళీ మూలపడింది, ఇప్పుడు ఎవరిని అడగాలి, ఏమి చేయాలి. ఆ ప్రశ్నలకు జవాబులను ఇక్కడ దశలవారీగా కూర్చాము. దేనికది విడిగా చదువుకోవచ్చు. అన్నిటికంటే ముందు ఒక్క మాట: ల్యాప్‌టాప్ ఇంకా కొంతైనా పనిచేస్తుంటే, ఏ పరీక్షా మొదలుపెట్టకముందే ముఖ్యమైన ఫైళ్ళను వేరే చోటికి కాపీ చేసుకోండి.

## ఇంటికి తెచ్చిన మొదటి ఒకటి రెండు రోజులలో

నిన్న సాయంత్రం బాగుచేయించి తెచ్చాను, ఈరోజు పవర్ బటన్ నొక్కితే అసలు చలనమే లేదు. మొదట ఏమి చేయాలి?

ముందు బటన్‌ను పదే పదే నొక్కడం మానేయండి. కాలిన వాసన వచ్చినా, అడుగు భాగం ఒక చోట విపరీతంగా వేడిగా ఉన్నా, అడుగు ఉబ్బినట్టు కనిపించినా ఛార్జర్ తీసేసి, ఇక దాని జోలికి పోకుండా దుకాణానికి తీసుకువెళ్ళడమే సరైన పని. అలాంటివేవీ లేకపోతే ఛార్జర్‌ను, పెన్‌డ్రైవ్, మౌస్ వంటి వాటన్నిటినీ తీసేసి, పవర్ బటన్‌ను 30 సెకన్ల పాటు నొక్కి పట్టుకోండి. లోపల మిగిలి ఉన్న విద్యుత్తు దీనితో ఖాళీ అవుతుంది. తరువాత ఛార్జర్‌ను పొడిగింపు బోర్డుకు కాకుండా నేరుగా గోడలోని ప్లగ్గుకు పెట్టి, అరగంట ఆగి, ఒక్కసారి నొక్కి చూడండి. రిపేరు సమయంలో బ్యాటరీ కనెక్టరును ఊడదీసి మళ్ళీ పెట్టిన తరువాత, ఛార్జర్ తగిలించేదాకా మేలుకోని మోడళ్ళు కొన్ని ఉన్నాయి. బ్యాటరీ పూర్తిగా అడుగంటినా కొంతసేపు ఇలాగే మొద్దుబారినట్టు ఉంటుంది. అరగంట తరువాత కూడా ఒక్క దీపమైనా వెలగకపోతే ఇంట్లో చేయగలిగింది ఇంకేమీ లేదు.

ఆన్ అవుతోంది, ఫ్యాను తిరుగుతున్న శబ్దం వస్తోంది, కానీ తెర నల్లగానే ఉంది. మదర్‌బోర్డు (లోపలి ప్రధాన బోర్డు) పోయినట్టేనా?

అంత తొందరగా ఆ నిర్ణయానికి రానక్కరలేదు. క్యాప్స్ లాక్ మీటను నొక్కి చూడండి. దాని దీపం వెలిగి ఆరుతుంటే లోపల యంత్రం పనిచేస్తున్నదనే అర్థం. గది చీకటి చేసి, మొబైల్ టార్చిని తెర మీద ఏటవాలుగా వేస్తే బొమ్మ మసకగా కనిపించినట్లయితే, పోయింది తెర వెనుక వెలిగే దీపం, అంటే బ్యాక్‌లైట్ మాత్రమే. ఇంట్లో టీవీ ఉంటే హెచ్‌డీఎంఐ తీగతో కలిపి చూడండి. టీవీలో బొమ్మ వస్తే లోపం ప్యానెల్‌లోనో, దానికి వెళ్ళే కేబుల్‌లోనో ఉన్నది. అక్కడా రాకపోతే ర్యామ్ (యంత్రం తాత్కాలిక జ్ఞాపక భాగం) సరిగా కూర్చోలేదన్న అనుమానం మొదట రావాలి. ఎందుకంటే ల్యాప్‌టాప్ విప్పినప్పుడు అన్నిటికంటే సులభంగా కదిలేది అదే.

ర్యామ్ కొత్తగా వేయించుకున్నవారు మరొకటి గుర్తుంచుకోవాలి. కొత్త ర్యామ్‌ను గుర్తించి సరిచూసుకోవడానికి కొన్ని యంత్రాలు మొదటిసారి కొన్ని నిమిషాలు తీసుకుంటాయి, ఆ సమయంలో తెర నల్లగానే ఉంటుంది. ఆ లోపల కంగారుపడి బటన్ నొక్కి ఆపితే మళ్ళీ మొదటికి వస్తుంది. దీపం ఒక లెక్కలో మినుకుమినుకుమంటున్నా, బీప్ శబ్దాలు వస్తున్నా వాటిని లెక్కపెట్టి రాసుకోండి. అది యంత్రం తన లోపాన్ని తానే చెప్పే పద్ధతి. ఏ లెక్కకు ఏ అర్థమో మోడల్‌ను బట్టి కంపెనీ వెబ్‌సైటులో దొరుకుతుంది.

స్క్రీన్ మార్పించాను. మూత కొంచెం కదిపితే గీతలు వస్తున్నాయి, ఒక్కోసారి ఆరిపోతోంది. ఇలాగే వాడుకోవచ్చా?

వాడకూడదు. మూత కోణాన్ని బట్టి బొమ్మ మారుతున్నదంటే, మూత కీలు (హింజ్) దగ్గర నుంచి వెళ్ళే డిస్‌ప్లే కేబుల్ నలిగి ఉండాలి, లేదా కనెక్టరులో పూర్తిగా కూర్చోకుండా ఉండాలి. నలిగిన కేబుల్‌లో తీగలు ఒకదానికొకటి తగిలితే బోర్డు మీద ఉండే బ్యాక్‌లైట్ ఫ్యూజు పోతుంది. అప్పుడు కేబుల్‌తో తేలిపోవలసిన పని బోర్డు దాకా వెళుతుంది. ఇది బిగింపులో జరిగిన పొరపాటు కాబట్టి, మళ్ళీ డబ్బు అడగకుండా సరిచేసి ఇవ్వడం దుకాణదారుడి బాధ్యత.

ప్యానెల్ విషయంలో ఇంకొక సంగతి కూడా చూసుకోవాలి. పక్క నుంచి చూస్తే రంగులు వెలిసిపోయినట్టు, తిరగబడినట్టు కనిపిస్తూ, పాత తెరలో అలా లేకపోతే, ఏ వైపు నుంచి చూసినా రంగులు పెద్దగా మారని ఐపీఎస్ ప్యానెల్ స్థానంలో చవకరకం టీఎన్ ప్యానెల్ వేసి ఉండవచ్చు. ప్యానెల్ వెనుక అంటించిన చీటీ మీద మోడల్ నంబరు ఉంటుంది. దానిని ఫొటో తీసి ఇవ్వమని అడగడం మీ హక్కు.

బ్యాటరీ మార్పించడానికి ఇచ్చాను, వచ్చాక కీబోర్డులో కొన్ని అక్షరాలు పడటం లేదు, వైఫై కూడా పక్క గదిలోకి వెళితే అందడం లేదు. దీనికీ దానికీ సంబంధం ఉందా?

చాలా వరకు ఉన్నది. అడుగు మూత విప్పేటప్పుడు కీబోర్డు, టచ్‌ప్యాడ్ రిబ్బన్లను కదపవలసి వస్తుంది. వాటిని పట్టి ఉంచే చిన్న తాళం రేకు సరిగా మూయకపోతే కొన్ని మీటలు మాత్రమే పనిచేయడం మానేస్తాయి. వైఫై కార్డుకు వెళ్ళే రెండు సన్నని యాంటెన్నా తీగలు ఊడితే రూటరు పక్కనే ఉన్నప్పుడు మాత్రం సిగ్నల్ అందుతుంది, దూరం వెళితే పోతుంది. రెండూ పది నిమిషాల పని. దీనికి విడిగా ఛార్జీ చెల్లించవద్దు.

కదిపితే లోపల ఏదో గలగలమంటోంది. పరవాలేదా?

ఆన్ చేయవద్దు. ఊడిన స్క్రూ బోర్డు మీద రెండు బిందువులను కలిపితే షార్టు అవుతుంది. అరచేయి పెట్టుకునే చోట చిన్న బొడిపె లేచినా అనుమానించాలి: పొట్టి స్క్రూ ఉండవలసిన చోట పొడవుది బిగించారన్న మాట. అలాంటి స్క్రూ మోడల్‌ను బట్టి బోర్డునే గీరే ప్రమాదమున్నది.

## మొదటి నెలలో తిరగబెట్టినప్పుడు

ఇది పాత లోపమే మళ్ళీ వచ్చిందా, రిపేరు చేసేటప్పుడు వచ్చిందా, లేక వేరే ఏదైనా చెడిందా? ఎలా తెలుసుకోవాలి?

మిగిలినదంతా, అంటే ఎవరు డబ్బు పెట్టుకోవాలి, ఎవరి దగ్గరకు వెళ్ళాలి, మళ్ళీ అదే చోట ఇవ్వవచ్చా అన్నవన్నీ ఈ ఒక్క ప్రశ్న మీదనే ఆధారపడి ఉంటాయి. దుకాణంలో జరిగే వాదనల్లో చాలా వాటికి కారణం, రెండు వైపులా ఈ మూడింటినీ కలగాపులగం చేయడమే అని మా అభిప్రాయం.

రిపేరు చేసేటప్పుడు వచ్చిన లోపం సాధారణంగా వెంటనే, మహా అయితే రెండు మూడు రోజుల్లో బయటపడుతుంది. ఊడిన రిబ్బన్, కూర్చోని కనెక్టరు, పొరపాటున బిగించిన స్క్రూ, తగిలించడం మరచిన ఫ్యాను తీగ ఈ కోవలోకి వస్తాయి. ఇంతకు ముందు బాగా పనిచేసిన భాగమే ఇప్పుడు చెడి ఉండటం వీటి గుర్తు.

పాత లోపం తిరగబెట్టినప్పుడు, మీరు మొదట ఇచ్చినప్పటి లక్షణాలే అదే వరుసలో వస్తాయి. ఉదాహరణకు, అప్పుడు పది నిమిషాలు పనిచేసి వేడెక్కాక ఆగిపోయేది, ఇప్పుడూ అంతే. కొన్ని రోజులో వారాలో బాగా నడిచి మళ్ళీ మొదలైతే, మూల కారణాన్ని తొలగించకుండా పైపైన సర్దారనే అనుమానం బలపడుతుంది.

మూడవది, నిజంగా సంబంధం లేని లోపం. స్క్రీన్ మార్పించిన మూడు వారాలకు హార్డ్‌డిస్క్ చెడితే, దానికి స్క్రీన్ మార్చిన వ్యక్తిని బాధ్యుణ్ణి చేయడం న్యాయం కాదు. ఆరేడేళ్ళ యంత్రంలో ఒకదాని తరువాత ఒకటి చెడటం మామూలే. అయితే ఇందులోనూ ఒక మినహాయింపు ఉన్నది: నీళ్ళు పడిన యంత్రంలోనూ, విద్యుత్ షాకుకు గురైన యంత్రంలోనూ వేర్వేరుగా కనిపించే లోపాలకు మూలం ఒకటే కావచ్చు. అందుకే పాత లక్షణాన్నీ కొత్త లక్షణాన్నీ పక్కపక్కన, తేదీలతో సహా కాగితం మీద రాసుకుని చూడమని అందరికీ చెబుతున్నాము.

బోర్డు రిపేరు చేసిన పది రోజులకే మళ్ళీ డిస్‌ప్లే పోయింది. అప్పుడు చిప్పును వేడి చేశామని చెప్పారు. అలా చేస్తే బాగవుతుందా?

కొంతకాలం బాగైనట్టు కనిపిస్తుంది. గ్రాఫిక్స్ చిప్పు లోపలి సన్నని అతుకులు తెగినప్పుడు, హాట్ ఎయిర్‌తో వేడి చేస్తే అవి తాత్కాలికంగా కలుస్తాయి. కానీ వాడుతున్నకొద్దీ వేడెక్కడం, చల్లారడం జరుగుతూ, అవే అతుకులు మళ్ళీ విడిపోతాయి. జ్వరం బిళ్ళ వేస్తే వేడి తగ్గినట్టే, రోగం లోపలే ఉంటుంది. కొందరు దీనిని రీబాల్లింగ్ అంటారు. అది వేరు, చిప్పును తీసి కింద ఉన్న టంకపు (సోల్డర్) గుండ్లను కొత్తవి వేసి మళ్ళీ అతకడం. లోపం చిప్పు లోపలే ఉంటే అదీ నిలవదు, చిప్పునే మార్చాలి.

చిప్ లెవెల్ పని, అంటే బోర్డు మీది చిన్న చిన్న భాగాలను బాగుచేసే పని, నిజాయితీగా, నైపుణ్యంతో చేసేవారు మన ఊళ్ళలో ఉన్నారు, వారి పని విలువను తగ్గించడం మా ఉద్దేశం కాదు. కానీ ఏది మార్చారో, ఏది కేవలం వేడి చేశారో చెప్పకపోవడం మాత్రం తప్పే. వేడి చేసి ఇచ్చేటప్పుడు, ఇది ఎంతకాలం నిలుస్తుందో చెప్పలేమని ముందే తెలిపితే, ఫైళ్ళు తీసుకోవడానికి ఆ నాలుగు రోజులు చాలునని ఒప్పుకునేవారు కూడా ఉంటారు.

షార్టు అయిన కెపాసిటరును (బోర్డు మీద విద్యుత్తును నిల్వ చేసే చిన్న భాగాన్ని) మార్చి ఇచ్చినప్పుడూ ఇదే ప్రశ్న అడగాలి: అది ఎందుకు షార్టయింది? తేమ వల్లనా, నాసిరకం అడాప్టర్ వల్లనా? ఆ కారణం అలాగే ఉంటే కొత్తదీ పోతుంది.

కాఫీ ఒలికింది. క్లీన్ చేయించాను, రెండు వారాలు చక్కగా పనిచేసి ఆగిపోయింది. ఎందుకు?

తుప్పు నెమ్మదిగా పనిచేస్తుంది కాబట్టి. పాలు, చక్కెర కలిసిన ద్రవం చిప్పుల కిందికి చేరి ఎండిన తరువాత కూడా తేమను పీల్చుకుంటుంది. విద్యుత్తు ప్రవహిస్తున్న ప్రతిసారీ అక్కడి లోహం కొద్దికొద్దిగా తినుకుపోతుంది. మనకు ఈశాన్య రుతుపవనాలతో వానలు పడే నవంబరు, డిసెంబరు నెలల్లో గాలిలో తేమ పెరిగి ఇది మరీ వేగంగా జరుగుతుంది. పైపైన బ్రష్‌తో తుడవడం చాలదు. బోర్డును పూర్తిగా బయటకు తీసి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తోనో, అల్ట్రాసోనిక్ యంత్రంతోనో శుభ్రం చేసి, పూర్తిగా ఆరబెట్టాలి. బియ్యం డబ్బాలో పెట్టడం వల్ల చిప్పుల కింద చేరిన చక్కెర పోదు. ద్రవం పడిన యంత్రం బాగై వచ్చినా దానిని నమ్మకండి. ఫైళ్ళన్నీ ఆ రోజే బయటకు తీసుకోండి.

బాగుచేయించాక విపరీతంగా వేడెక్కి దానంతట అదే ఆగిపోతోంది. ఎండాకాలం కదా, మామూలే అంటున్నారు.

మే నెలలో తిరుపతిలో పగటి ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటుతుంది, యంత్రం కొంత వేడెక్కడం సహజమే. కానీ అదే గదిలో, అదే పనికి, రిపేరుకు ముందు ఆగని యంత్రం ఇప్పుడు ఆగుతున్నదంటే కారణం ఎండ కాదు. ప్రాసెసర్ మీద ఉండి వేడిని లాగే లోహపు భాగమైన హీట్‌సింక్‌ను ఒకసారి తీస్తే పాత థర్మల్ పేస్టును తుడిచి కొత్తది రాయాలి, స్క్రూలను వాటి పక్కన ఉన్న అంకెల వరుసలో సమానంగా బిగించాలి. ఈ రెండింటిలో ఏది లోపించినా వేడి బయటకు పోదు. చాలా ప్రాసెసర్లు 100 డిగ్రీల దరిదాపులకు చేరితే తమను తాము కాపాడుకోవడానికి మొదట వేగం తగ్గించుకుంటాయి, వేడి ఇంకా పెరిగితే ఆగిపోతాయి. గాలి బయటకు వచ్చే రంధ్రం దగ్గర చేయి పెట్టి చూడండి. గాలే రాకపోతే ఫ్యాను తీగ తగిలించలేదేమో అడగండి. దుకాణంలో ఐదు నిమిషాలు ఆన్ చేసి చూస్తే ఇది బయటపడదు, కనీసం అరగంట వీడియో నడిపి చూడాలి.

కొత్త బ్యాటరీ వేయించాను, 30 శాతం ఉండగానే ఆగిపోతోంది. పాతదే వేశారా?

లెక్క తప్పడం వల్ల కూడా ఇలా జరుగుతుంది కాబట్టి, ఒకసారి 100 శాతం దాకా నింపి, ఆగిపోయేదాకా వాడి, మళ్ళీ నింపి చూడండి. అప్పటికీ మారకపోతే విండోస్‌లోని బ్యాటరీ రిపోర్టును తీయండి. కమాండ్ ప్రాంప్ట్ ద్వారా వచ్చే ఈ పత్రంలో డిజైన్ కెపాసిటీ, ఫుల్ ఛార్జ్ కెపాసిటీ అని రెండు అంకెలు ఉంటాయి. కొత్త బ్యాటరీలో ఈ రెండూ దగ్గర దగ్గరగా ఉండాలి, సైకిల్ కౌంట్ (ఎన్నిసార్లు నిండి ఖాళీ అయిందన్న లెక్క) సున్నాకు దగ్గరలో ఉండాలి. రెండవ అంకె మొదటిదానిలో సగమే ఉంటే, పాత సెల్స్ పెట్టిన బ్యాటరీ కావచ్చు, లేదా ఏళ్ళ తరబడి గిడ్డంగిలో నిల్వ ఉన్నది కావచ్చు. లిథియం అయాన్ బ్యాటరీ వాడకపోయినా వయసుతో క్షీణిస్తుంది. ఆ పేజీని దాచుకోండి, దుకాణంలో మాట్లాడటానికి దానికంటే మంచి ఆధారం లేదు.

ఛార్జర్ పెట్టినా ఛార్జింగ్ ఎక్కడం లేదు, పైగా యంత్రం నత్తనడక నడుస్తోంది.

అడాప్టర్‌ను యంత్రం గుర్తించడం లేదేమో చూడాలి. డెల్, హెచ్‌పీ యంత్రాల్లో గుండ్రని పిన్ను మధ్య ఉండే సన్నని సూది ద్వారా అడాప్టర్ తనను తాను పరిచయం చేసుకుంటుంది. ఆ సూది విరిగినా, డూప్లికేట్ అడాప్టర్ ఇచ్చినా, బోర్డు రిపేరులో ఆ లైను తెగినా, యంత్రం నడుస్తుంది గాని బ్యాటరీ నిండదు, వేగం తగ్గిపోతుంది. అదే మోడల్ ఉన్న స్నేహితుడి ఛార్జర్‌తో ఒకసారి చూస్తే సగం సందేహం తీరుతుంది. టైప్‌-సీ ఛార్జర్ అయితే వాట్లు సరిపోతున్నాయో లేదో చూడండి. 65 వాట్లు అడిగే యంత్రానికి మొబైల్ ఛార్జర్ చాలదు. 60 శాతం దగ్గరో 80 శాతం దగ్గరో మాత్రమే ఆగుతుంటే అది బ్యాటరీని కాపాడే సెట్టింగు కావచ్చు, లోపం కాదు.

ఛార్జర్ పెట్టి ఉన్నప్పుడు ల్యాప్‌టాప్ లోహపు అంచు తాకితే జిల్లుమంటోంది.

మూడు పిన్నుల అడాప్టర్ స్థానంలో రెండు పిన్నులది ఇచ్చి ఉంటే, లేదా మీ ఇంటి ప్లగ్గులో ఎర్తింగ్ లేకపోతే ఇలా అవుతుంది. వేరే ఇంట్లో, ఎర్తింగ్ బాగా ఉన్న చోట పెట్టి చూడండి. అక్కడ ఆగిపోతే ఎలక్ట్రీషియన్‌ను పిలిపించి ఇంటి ఎర్తింగ్ చూపించాలి. అక్కడా జిల్లుమంటే ఆ అడాప్టర్‌ను వాడటం ఆపేయండి.

విండోస్ మళ్ళీ వేయించాను, వారం తిరగకుండా లోపం చూపించి ఆగిపోయే నీలి తెరలు మొదలయ్యాయి.

మొదట అడగవలసింది, విండోస్‌ను ఎందుకు మళ్ళీ వేశారన్నది. యంత్రం నెమ్మదించిందని ఇచ్చి ఉంటే, హార్డ్‌డిస్కో ర్యామో చెడుతున్నదేమో చూడకుండా విండోస్ మాత్రమే వేసి ఇచ్చి ఉండవచ్చు. విండోస్‌లోనే ఉండే మెమరీ డయాగ్నస్టిక్ పరీక్షను నడపండి. హెచ్‌పీలో ఆన్ చేయగానే ఎస్కేప్ మీటను నొక్కుతూ తరువాత ఎఫ్2, డెల్‌లో ఎఫ్12 నొక్కితే కంపెనీ ఇచ్చిన హార్డ్‌వేర్ పరీక్షలు వస్తాయి. అవి చూపించే ఎర్రర్ కోడ్‌ను ఫొటో తీసుకోండి. పరీక్షలన్నీ సరిగా ఉంటే డ్రైవర్లను కంపెనీ వెబ్‌సైటు నుంచి మీ మోడల్‌కు సరిపడేవే వేయాలి. దొంగ యాక్టివేటర్‌తో వేసిన విండోస్ అయితే యాంటీవైరస్‌ను ఆపేసి ఉంటారు, దాని మీద బ్యాంకు పనులు చేయవద్దు. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది కాబట్టి, ఇప్పుడు కొత్తగా అదే వేసి ఇస్తే కారణం అడగండి.

బోర్డు మార్చాక నీలి తెర మీద 48 అంకెల కీ అడుగుతోంది. ఫార్మాట్ చేయాలంటున్నారు.

ఒప్పుకోవద్దు. డిస్క్‌ను తాళం వేసి ఉంచే బిట్‌లాకర్, బోర్డు మారడాన్ని గమనించి అడుగుతున్న ప్రశ్న అది. మీ యంత్రాన్ని మొదటిసారి తెరిచినప్పుడు ఇచ్చిన మైక్రోసాఫ్ట్ ఖాతాలోకి మొబైల్ నుంచి లాగిన్ అయితే రికవరీ కీ అక్కడ ఉండే అవకాశమున్నది. కళాశాల లేదా ఆఫీసు ఖాతా వాడి ఉంటే అక్కడి ఐటీ విభాగాన్ని అడగండి. కీ ఎక్కడా దొరకకపోతే ఆ ఫైళ్ళను ఎవరూ తీయలేరు. వెతకడానికి ఒకటి రెండు రోజులు పట్టినా సరే, అన్ని ఖాతాలూ చూసిన తరువాతనే ఫార్మాట్ మాట ఆలోచించాలి.

## మళ్ళీ దుకాణానికి తీసుకువెళ్ళే ముందు

యంత్రం ఇక ఆన్ కాకపోయినా లోపలి ఫైళ్ళు దక్కుతాయా?

చాలా సందర్భాల్లో దక్కుతాయి. బోర్డు పోయినంత మాత్రాన డిస్క్ పోదు. ఫైళ్ళుండే డిస్క్ అయిన ఎస్ఎస్‌డీని బయటకు తీసి, చిన్న పెట్టెలో పెట్టి, వేరే కంప్యూటరుకు యూఎస్‌బీతో కలిపి చదవవచ్చు. కొత్త మ్యాక్‌బుక్‌లలోనూ, కొన్ని చవక మోడళ్ళలోనూ నిల్వ భాగం బోర్డుకే అతికి ఉంటుంది. వాటిలో బోర్డు ప్రాణం పోసుకుంటే తప్ప ఫైళ్ళు రావు. పాత తరహా హార్డ్‌డిస్క్ నుంచి టిక్ టిక్ మనే శబ్దం వస్తుంటే ఇంకొక్కసారి కూడా ఆన్ చేయకండి. ప్రాజెక్టు రిపోర్టులు, పెళ్ళి ఫొటోలు వంటివి ఉంటే, రిపేరుకంటే ముందు ఫైళ్ళు కావాలని దుకాణంలో స్పష్టంగా చెప్పి, ఆ మాట రసీదులో రాయించండి.

వెళ్ళేటప్పుడు ఏమేమి తీసుకువెళ్ళాలి?

లోపం కనిపిస్తున్నప్పుడు మొబైల్‌తో తీసిన వీడియో అన్నిటికంటే ముఖ్యం, ఎందుకంటే అప్పుడప్పుడు వచ్చే లోపం సరిగ్గా దుకాణంలో మాత్రం రాదు. దానితో పాటు పాత బిల్లు, యూపీఐ చెల్లింపు వివరం, అప్పుడు మాట్లాడుకున్న వాట్సాప్ సందేశాలు, అసలు ఛార్జర్ తీసుకువెళ్ళండి. యంత్రం నాలుగు వైపులా ఫొటోలు తీసుకోండి. అడుగున ఉండే సీరియల్ నంబరును రాసుకోండి. పాస్‌వర్డ్ చెప్పవలసి వస్తే ముందుగా దానిని తాత్కాలికమైనదానికి మార్చండి.

నేనే విప్పి చూడనా? లేకపోతే వేరే దుకాణంలో ఒకసారి చూపించనా?

మొదట బాగుచేసినవారికి ఒక అవకాశం ఇవ్వడమే మంచిదని మా సలహా. మీరు విప్పినా, మరొకరు విప్పినా, ఆ తరువాత ఏది ఎవరి వల్ల జరిగిందో తేల్చడం ఎవరి వల్లా కాదు. వాళ్ళు వేసిన సీలు చిరిగితే వాళ్ళ గ్యారంటీ మాట కూడా అక్కడితో ముగుస్తుంది. రెండవ అభిప్రాయం కావాలనుకుంటే, విప్పకుండా లక్షణాలు చెప్పి అడగండి.

## దుకాణంలో మాట్లాడేటప్పుడు

ఇది వేరే సమస్య, మళ్ళీ డబ్బు కట్టాలంటున్నారు. ఏమని అడగాలి?

గొంతు పెంచకుండా, చూపించమని అడగండి. "అన్నా, పోయినసారి ఏ పార్టు మార్చారు? ఇప్పుడు ఏది పోయింది? మీటర్ పెట్టి చూపించండి" అని అడిగితే, పని తెలిసిన టెక్నీషియన్ నొచ్చుకోడు, బోర్డు మీద ఆ చోటు చూపించి, అక్కడ వోల్టేజీ రావడం లేదనో, షార్టు చూపుతున్నదనో వివరిస్తాడు. ఆ వివరణ మీరు రాసుకున్న లక్షణాలతో సరిపోలితే, నిజంగానే వేరే భాగం పోయిందని ఒప్పుకోవాలి. బోర్డంతా పోయిందని ఒక్క మాటలో తేల్చేసి, ఏదీ చూపించకపోతే, ఆ మాట మీద డబ్బు పెట్టకండి. మార్చిన ప్రతిసారీ పాత పార్టును వెనక్కి అడిగి తీసుకోండి.

బిల్లు ఇవ్వలేదు, విజిటింగ్ కార్డు వెనుక రాసి ఇచ్చారు. అడిగే హక్కు పోయినట్టేనా?

పోలేదు. చేసిన సేవకు బిల్లు గాని రసీదు గాని ఇవ్వకపోవడాన్ని 2019 వినియోగదారుల రక్షణ చట్టం అనుచిత వ్యాపార పద్ధతిగా చెబుతున్నది. కార్డు వెనుక ఉన్న చేతిరాత, యూపీఐ చెల్లింపు, సందేశాలు మీరు అక్కడ పని చేయించుకున్నారనడానికి ఆధారాలే. ఇప్పుడైనా, ఏ తేదీన ఏ పని చేశారో వాట్సాప్‌లో అడిగి జవాబు తెప్పించుకోండి.

గ్యారంటీ గురించి అప్పుడు ఏమీ మాట్లాడుకోలేదు. ఎన్ని రోజుల దాకా అడగవచ్చు?

బిల్లు మీద గడువు రాసి ఉంటే అదే వర్తిస్తుంది. గడువేదీ రాయకపోతే, లోపభూయిష్టమైన సేవకు తీసుకున్న డబ్బును 30 రోజులలోపల తిరిగి ఇవ్వడానికి నిరాకరించడం కూడా ఆ 2019 చట్టం ప్రకారం అనుచిత పద్ధతే. కాబట్టి లోపం కనిపించిన రోజే ఫోను చేసి, ఆ తరువాత అదే విషయాన్ని సందేశంగా పంపండి. తీరిక దొరికినప్పుడు వెళదామని వాయిదా వేయడం వల్లనే ఎక్కువమంది నష్టపోతున్నారు.

కంపెనీ వారంటీ ఇంకా ఉంది, కానీ బయట దుకాణంలో ఒకసారి విప్పించాను. కంపెనీవారు చూస్తారా?

ముందు సీరియల్ నంబరుతో కంపెనీ వెబ్‌సైటులో గడువు సరిచూసుకోండి. విప్పడం వల్ల దెబ్బతిన్న భాగానికి వారంటీ ఇవ్వమని అంటారు. దానితో సంబంధం లేని భాగానికీ నిరాకరిస్తే కారణాన్ని ఈమెయిల్‌లో అడగండి. జరిగింది దాచకుండా చెప్పడమే మేలు. పెద్ద పని అయితే ఇక్కడి నుంచి చెన్నైకో బెంగళూరుకో పంపుతామనవచ్చు. అప్పుడు ఎన్ని రోజులు పడుతుందో, డిస్క్‌లోని ఫైళ్ళు చెరిపేస్తారో లేదో జాబ్ షీటు మీద రాయించుకోండి.

## మాట కుదరనప్పుడు

ఎన్నిసార్లు తిరిగినా పట్టించుకోవడం లేదు. ఎక్కడ ఫిర్యాదు చేయాలి?

మొదట జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను చేయండి, తెలుగులో మాట్లాడవచ్చు. అక్కడ నమోదైన ఫిర్యాదుతోనే కొన్ని తగవులు తీరిపోతాయి. తీరకపోతే, తేదీలు, చెల్లించిన మొత్తం, లోపం, మీరు కోరుతున్నది ఒక పేజీలో రాసి, పదిహేను రోజుల గడువుతో స్పీడ్ పోస్టులో నోటీసు పంపి, ఆ తరువాత జిల్లా వినియోగదారుల కమిషన్‌ను ఆశ్రయించవచ్చు. దుకాణం ఎక్కడ ఉన్నా, మీరు నివసించే లేదా ఉద్యోగం చేసే ప్రాంతంలోనే ఫిర్యాదు చేసే వీలును 2019 చట్టం కల్పించింది. కుప్పంలో ఉంటూ బెంగళూరులో రిపేరు చేయించుకున్నవారికి ఇది చాలా ఉపయోగం. చెల్లించిన మొత్తం 5 లక్షల రూపాయల లోపు అయితే ఫిర్యాదు రుసుము లేదు, న్యాయవాది లేకుండా మీరే వాదించుకోవచ్చు, ఆన్‌లైన్‌లోనూ దాఖలు చేయవచ్చు. కారణం ఏర్పడిన నాటి నుంచి రెండేళ్ళలోపు దాఖలు చేయాలి.

మళ్ళీ బాగుచేయించనా, కొత్తది కొననా?

స్క్రీన్, బ్యాటరీ, కీబోర్డు, ర్యామ్, ఎస్ఎస్‌డీ, ఫ్యాను: ఇవి చెడితే బాగుచేయించుకోవడమే లాభం. మార్చిన భాగం కొత్తది, దాని ఆయుష్షు కొత్తగా మొదలవుతుంది. బోర్డు అదే లోపంతో రెండవసారి ఆగితే మాత్రం మూడవసారి డబ్బు పెట్టవద్దని గట్టిగా చెబుతాము. అప్పు చేసి చదువుకుంటున్న పిల్లలు ఒకే బోర్డు మీద విడతలు విడతలుగా పెట్టిన డబ్బుతో ఒక మంచి పాత ల్యాప్‌టాప్ వచ్చేదని తరువాత తెలిస్తే ఎంత బాధ కలుగుతుందో మాకు తెలుసు. ఫైళ్ళున్న డిస్క్‌ను, పనిచేసే ర్యామ్‌ను తీసి దాచుకుంటే, సరిపోయే మోడల్ దొరికినప్పుడు అవి పనికివస్తాయి.

బాగై వచ్చాక మళ్ళీ పోకుండా ఇంట్లో ఏమైనా చూసుకోవాలా?

అడాప్టర్లు సాధారణంగా 100 నుంచి 240 వోల్టుల దాకా తట్టుకుంటాయి కాబట్టి లో వోల్టేజీకి భయపడనక్కరలేదు. ప్రమాదమంతా కరెంటు పోయి వచ్చేటప్పుడు ఒక్కసారిగా వచ్చే హెచ్చు వోల్టేజీతోనూ, పిడుగులతోనూ. వేసవి చివర ఉరుములతో వాన మొదలైతే స్విచ్ ఆపడం చాలదు, ప్లగ్గును ఊడదీయాలి. ల్యాన్ తీగ ఉంటే దానినీ తీయాలి. మీ వీధిలో దీపాలు తరచుగా ఎక్కువ తక్కువలుగా వెలుగుతుంటే విద్యుత్ సంస్థ నంబరు 1912కు ఫిర్యాదు చేయండి. మంచం మీద, దుప్పటి మీద పెట్టి వాడితే గాలి రంధ్రాలు మూసుకుపోతాయి, చెక్క పలక మీద పెట్టుకోండి.

మార్చి తీసేసిన ఉబ్బిన బ్యాటరీని ఇంటికి ఇచ్చారు. ఎక్కడ పడేయాలి?

చెత్తబుట్టలో వేయకూడదు, గుచ్చకూడదు, నొక్కి సరిచేయాలని చూడకూడదు. లోపలి పొరలు ఒకదానికొకటి తగిలితే మంట పుడుతుంది. కనెక్టరు కొసలకు టేపు అంటించి, ఎండ తగలని చోట, కాలే వస్తువులకు దూరంగా, లోహపు డబ్బాలోనో మట్టిపాత్రలోనో ఉంచండి. వీలైనంత త్వరగా ఈ-వ్యర్థాలు తీసుకునే చోటికి గాని, ఆ కంపెనీ సర్వీసు సెంటరుకు గాని ముందుగా ఫోను చేసి అందజేయండి.